బాలింతకు తెల్లగుడ్డ

ధర తగ్గించకుండా నేను ఏ వస్తువూ కొన్నదాన్ని కాను. గోదావరిఖని బజారులో కింద మా బట్టల దుకాణం, మీద మా ఇల్లు. మాటలు సరిగ్గా రాకముందే గజం కర్ర పట్టుకున్నానని మా అమ్మ చెబుతుంది. కూరగాయల గంప దించే ఆమె నా మొహం చూడగానే అసలు ధర మీద ఇంకొంత వేసుకునేది. ఆమె పెంచుతుందని నాకు తెలుసు, నేను తగ్గిస్తానని ఆమెకు తెలుసు, ఇద్దరం సంతోషంగా విడిపోయేవాళ్లం. అందుకే నా మొదటి కాన్పు తర్వాత నర్సమ్మ మంచం పక్కన కూర్చుని, "నెత్తురు ఎట్ల పోతుంది చెల్లె?" అని అడిగినప్పుడు నా నోరు దానికి అలవాటైన పనే చేసింది. ఉన్నదాన్ని సగం చేసి చెప్పాను.

అవి రాష్ట్రం కోసం బందులు నడుస్తున్న రోజులు. షట్టరు ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో బజారుకే తెలిసేది కాదు. మా ఆయనకు రామకృష్ణాపూర్ గనిలో డ్యూటీ. కాన్పుకని నేను పుట్టింటికి వచ్చాను. ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా బాగున్నారని ఆసుపత్రి వాళ్లు ఇంటికి పంపారు. నేను బాగున్నాననే అనుకున్నాను. ఒక్క సంగతి మాత్రం మనసులో ముల్లులా ఉండిపోయింది. వార్డులో నా పక్క మంచం మీద ఒకామె ఉండేది, నాకంటే చిన్నది. పొద్దున నాతో పల్లీపట్టీ పంచుకుని తిన్నది. మధ్యాహ్నం ఆమెకు చలి పెట్టింది, పళ్లు టకటకా కొట్టుకున్నాయి, మంచంతో సహా తోసుకుని ఎటో తీసుకుపోయారు. నేను ఇంటికి వచ్చేదాకా ఆ చోటు ఖాళీగానే ఉంది. ఏమైందని నేను అడగలేదు. అడిగితే చెబుతారని భయం.

ఇంట్లో నాకు వెనక గది ఇచ్చారు. మా వైపు బాలింతను చలిగాలి సోకకుండా చూస్తారు. బొగ్గు గనుల మధ్య బతుకుతున్నాం కదా, సెగకు కొదవలేదు. మంచం కింద కుంపటి, కుంపటిలో బొగ్గు, బొగ్గు మీద వెల్లుల్లి పొట్టు, సాంబ్రాణి. కిటికీకి దుప్పటి కట్టారు. మంచినీళ్లు అడిగితే పొట్ట జారుతుందని చెంచాలతో పోసేవారు. ఆ గదిలోకి ఎవరు వచ్చినా కొద్దిసేపటికే కళ్లు తుడుచుకుంటూ బయటకు పోయేవారు. నేనూ పిల్లా మాత్రం ఉడుకుతూ ఉండిపోయేవాళ్లం.

పొద్దున్నే అవ్వ వచ్చేది. మా వాడకట్టులో పురుళ్లు పోసిన మంత్రసాని ఆమె. నన్ను కూడా ఆమే బయటకు లాగిందట. ఆసుపత్రులు వచ్చాక కాన్పులు ఆమె చేతుల్లోంచి పోయాయి కానీ బాలింత స్నానం, పసిపిల్ల స్నానం ఆమెకే మిగిలాయి. నూనె పెట్టి, ఉడుకు నీళ్లు పోసి, నన్ను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టేది. బొడ్డు కింద అరచేయి ఆనించి లోపలికి ఒత్తి, కొంతసేపు అలాగే ఉండేది. తలుపు అవతల ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టు తల పక్కకు వంచేది. తర్వాత పొడుగాటి గుడ్డతో నడుము బిగించి కట్టేది. మొదట్లో ఒత్తుతూనే ఊరి సంగతులు చెప్పేది. రానురాను ఒత్తేటప్పుడు మాట మానేసింది. ఒకరోజు రెండోసారి ఒత్తింది. అమ్మను తలుపు దగ్గరకు పిలిచి చెప్పింది కానీ నాకూ వినపడింది.

"లోపటి బంతి దిగాలె. ఇది ఆడనే ఉన్నది, మెత్తగ ఉన్నది. నర్సమ్మను జల్ది రమ్మనుండ్రి."

గర్భసంచిని అవ్వ బంతి అంటుంది. ఆ ఒక్క మాటతో నాకు పక్క మంచం ఆమె పళ్ల చప్పుడు వినపడింది.

నర్సమ్మ మా బస్తీ డిస్పెన్సరీలో పనిచేసేది. కాన్పైన ఇళ్లకు తిరగడం ఆమె డ్యూటీ. నలభై దాటిన మనిషి, గొంతు పెద్దది, నవ్వు చిన్నది. వచ్చీ రాగానే పిల్లను కాదు, నన్ను చూసింది. కింది కనురెప్ప లాగి చూసింది. నాలుక చాపమంది. రొమ్ములు తాకి గడ్డ కట్టాయేమో చూసింది. పిక్కలు నొక్కి నొప్పి ఉందా అంది. కుట్లు చూస్తూ, ఒంటికి పోతే మంటా, పోసినప్పుడు ఆగి ఆగి వస్తుందా అని అడిగింది. ఒక్కో ప్రశ్నకూ నేను మా బాపు గల్లా దగ్గర కూర్చున్నట్టు కూర్చుని జవాబిచ్చాను. కాస్త మంట ఉంది అనాల్సిన చోట లేదన్నాను. కళ్లు తిరుగుతున్నాయి అనాల్సిన చోట నిద్ర చాలడం లేదన్నాను. మళ్లీ ఆసుపత్రికి పొమ్మంటుందని నా భయం. ఆ వార్డులోకి తిరిగి పోతే ఈసారి నా మంచం ఖాళీ అవుతుందని ఎందుకో గట్టిగా అనిపించేది. ఆమె అడుగుతున్నది నన్ను ఎక్కడికి పంపాలో తేల్చుకోవడానికే కాబట్టి, ఎంత తక్కువ చెబితే అంత ఇంట్లో ఉంటాను. ఇంత తెలివి నాకు ఇంకెప్పుడూ ఉపయోగపడకుండా పోవాలి.

ఆమె నుదుటి మీద చేయి పెట్టింది. వెంటనే అమ్మ అందుకుంది, "కుంపటి సెగమ్మా అది. మాకు కూడ గట్లనే కాలుతది."

నర్సమ్మ వాదించలేదు. కుంపటి బయట పెట్టించింది, కిటికీ దుప్పటి లాగేసింది, ఒక చెంబెడు నీళ్లు నాతో తాగించింది. అమ్మ మొహం చూడలేకపోయాను. నీళ్లు మాత్రం ఒక్క చుక్క వదల్లేదు. గది చల్లబడేదాకా నర్సమ్మ పిల్లను ఒళ్లో వేసుకుని కూర్చుంది. తర్వాత మళ్లీ నా ఒళ్లు ముట్టుకుని, నోట్లో జ్వరం కడ్డీ పెట్టి చూసింది. జ్వరం ఉంది, ఇంకా పెద్దది కాదు అంది. మాత్రలు ఇచ్చింది. నడుం కట్టు విప్పించి అవ్వ ఒత్తిన చోటే ఒత్తింది. అవ్వలాగే తల పక్కకు వంచింది. ఇద్దరికిద్దరూ అక్కడ ఏం వింటున్నారో నాకు తెలియదు. నాకు మాత్రం నా గుండె చప్పుడే వినపడింది.

"మార్చిన గుడ్డ ఒకటి చూపియ్యుండ్రి" అంది.

అక్కడ బయటపడింది మా దుకాణం బుద్ధి. మెడికల్ షాపుల్లో ప్యాడ్లు దొరికేవి. కానీ బట్టల దుకాణం పెట్టుకుని గుడ్డ బయట కొంటామా? జాకెట్ లైనింగులో అమ్ముడుపోని రంగులు ఉండిపోతాయి కదా, మెరూన్, నలుపు, కాఫీపొడి రంగు. బాపు అవన్నీ చించి మీదికి పంపాడు. మరకలు కనపడవని అమ్మ మురిసిపోయింది. నేనూ మెచ్చుకున్నాను. నర్సమ్మ ఆ మెరూన్ ముక్కను వెలుతురులో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"గీ రంగుల నెత్తురేది, నీళ్లేది? నాకేం తెలుస్తది? తెల్లగుడ్డ కావాలె. తెల్లది పెట్టుకోని, మార్చినయన్ని దాచిపెట్టుండ్రి. రేపొచ్చి చూస్త."

అమ్మ చేతిలో పళ్లెం ఆగిపోయింది.

మా దుకాణంలో తెల్లగుడ్డ అన్ని బట్టల్లో ఒకటి కాదు. కింది అరలో, మిగతా వాటికి తాకకుండా, ప్లాస్టిక్ కవరులో ఆ తాను ఉండేది. గనిలో ఎవరికైనా ఏమైనా అయితే, కాలనీలో ముసలివాళ్లెవరైనా కన్నుమూస్తే, దాని కోసం వచ్చేవారు. వచ్చినవాళ్లు బేరమాడరు, బాపూ ఆడడు. కొలిచి, చించి, కాగితంలో చుట్టి ఇచ్చి, చేతులు కడుక్కున్నాకే మళ్లీ పెళ్లి చీరలు ముట్టుకునేవాడు. ఆ తానులో ముక్క మెట్లెక్కి ఇంట్లోకి వచ్చింది ఎన్నడూ లేదు. మా ఇంట్లో దుప్పట్లు పువ్వులవి, తువ్వాళ్లు గళ్లవి. బాలింత ఉన్న గదిలోకి ఆ తెలుపు రావడమంటే అమ్మకు చావును పిలిచినట్టే.

నేను బేరానికి దిగాను. లేత గులాబీ ఉంది, పనికొస్తుందా అన్నాను. రాదంది. గోధుమ రంగు? రాదు. బాపు బనియన్లు తెల్లవే అన్నాను. మైల గుడ్డకు మగవాళ్ల బట్టలు వాడితే వాళ్లకు ఆయుష్షు తక్కువని అమ్మ కసురుకుంది. నర్సమ్మ సంచీ సర్దుకుంటూ, "నువ్వు రంగులు అమ్ముడు బంద్ చెయ్యి చెల్లె. నేను కొనడానికి రాలే" అంది. నవ్వొచ్చింది. నవ్వితే పొట్టలో పట్టేసినట్టు నొప్పి లేచింది.

ఆమె పోయాక అమ్మ తనకు తోచిన దారి కనిపెట్టింది. గోధుమ రంగు లైనింగు తెచ్చి పసుపు నీళ్లలో ముంచింది. పసుపు శుభం, రంగూ తేలికే, నర్సమ్మకు కావాల్సిందీ కనపడుతుంది అనుకుంది. వాడినవాటిని దాచమన్నా, దాచడానికి మనసొప్పక బట్టల సబ్బుతో ఉతికి డాబా మీద ఆరేసింది. మర్నాడు పొద్దున నేను లేచి గోడ పట్టుకుని కిటికీ దాకా వెళ్లాను. తీగ మీద నా గుడ్డలు వరుసగా వేలాడుతున్నాయి. అన్నీ ఎర్రగా ఉన్నాయి. అంచు నుంచి అంచు దాకా, ఉతికి ఆరేసినా పోని ఎరుపు. అంత నెత్తురు నా ఒంట్లోంచి పోయిందా అనుకున్నాను. కిటికీ ఊచ పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాను. పిల్ల ఏడుస్తున్నా లేవలేకపోయాను.

అవ్వ వచ్చి నన్నలా చూసి, తీగ మీదికి చూసి, పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, నెత్తురు కాదని చెప్పింది. ఇంత దుకాణం నడిపేవాళ్లకు ఈ మాత్రం తెలియదా అని అమ్మను దెప్పింది. అమ్మ నవ్వబోయింది. అవ్వ నవ్వలేదు. నన్ను లేపడానికి చేయి పట్టుకుని, ఆ చేయి వదలకుండా నిలబడింది. నా చేయి వణుకుతోంది. నేను వణికించడం లేదు, దానంతట అదే వణుకుతోంది. పళ్లు కూడా మొదలుపెట్టాయి.

ఆ రోజు బందు. నర్సమ్మ నడిచే వచ్చింది, చెప్పుల నిండా దుమ్ము. జ్వరం చూసింది. పొత్తికడుపు మీద చేయి పెట్టగానే నేను అరిచాను. గుడ్డలేవి అంది. అమ్మ డాబా వైపు చూపించింది. నర్సమ్మ ఆ ఎర్రటి తీగను చూసి నిట్టూర్చి, మంచం అంచున కూర్చుంది.

"చెల్లె, ఇప్పుడు నిజం చెప్పు. ఎంత పోతుంది?"

సగం చెప్పీ చెప్పీ, మెరూన్ గుడ్డలు చూసీ చూసీ, అసలు ఎంత పోతోందో నాకూ తెలియదు. తెలియదనే చెప్పాను. ఆ మాట అంటుంటే, ఆసుపత్రి కంటే పెద్ద భయం ఒకటి పట్టుకుంది. నా ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పగలిగే మనిషి ఈ గదిలో లేదు, నాతో సహా.

మెడికల్ షాపులు కూడా మూసే ఉన్నాయి. నర్సమ్మ గది బయటకు వెళ్లి బాపుతో మాట్లాడింది. బాపు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. బందు రోజుల్లో ఆయన అక్కడే కూర్చునేవాడు, షట్టరుకు కాపలా. తెల్లగుడ్డ అనగానే అమ్మ వద్దని అడ్డం వెళ్లింది. నర్సమ్మ గొంతు తగ్గించి చెప్పిన మాట మాత్రం నాకు వినపడింది.

"సేటు, గా గుడ్డ ఇప్పుడు మీది గదిలకు రాకుంటే, రేపు నిజంగనే అక్కర పడ్తది."

కొంతసేపటికి షట్టరు లేచిన చప్పుడు. పూర్తిగా ఎత్తలేదు. బందు రోజు షట్టరు ఎత్తితే రాళ్లు పడతాయి కాబట్టి మోకాలెత్తు లేపి, ఆ వయసులో, ఆ పొట్టతో, బాపు నేల మీద పాకి లోపలికి పోయాడట. నాకు కనపడలేదు. తర్వాత అమ్మ చెప్పింది, తను ముందు గది కిటికీలోంచి చూసింది. బయటకు పాకి వచ్చేసరికి బందు చేయిస్తున్న మనుషులు అక్కడే నిలబడి ఉన్నారు. దుకాణం తెరుస్తున్నవా అని గద్దించడానికి వచ్చినవాళ్లు, ఆయన చంకలోని గుడ్డ చూసి ఆగిపోయారు. అందులో పెద్దమనిషి తల మీద రుమాలు తీసి అడిగాడు.

"ఎవరు పోయిన్రు సేటు?"

ఆ గొంతు నాకు మీది దాకా వినపడింది. కింద బజారంతా నిశ్శబ్దంగా ఉంది. 

"ఎవ్వలు పోలే" అన్నాడు బాపు. "నా బిడ్డ బాలింత. మీద ఉన్నది. గుడ్డ ఆమెకే. ఉన్నదానికే."

ఆయన మీదికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పురిటి గదిలోకి మగవాళ్లు రారు. నర్సమ్మ చేతికి ఇచ్చి, నా వైపు చూడకుండా, చేతులు కడుక్కోవడానికి కూడా పోకుండా, అక్కడే గోడకు ఆనుకున్నాడు.

తర్వాత జరిగింది ఎక్కువసేపు పట్టలేదు. నర్సమ్మ తెల్లగుడ్డ నా కింద పరిచింది. అవ్వ తల దగ్గర కూర్చుంది. నర్సమ్మ పొత్తికడుపు మీద చేయి గుండ్రంగా తిప్పుతూ నొక్కింది. నేను అవ్వ చీర కొంగు నోట్లో పెట్టుకున్నాను. నర్సమ్మ గుడ్డ తీసి చూసింది, ముక్కు దగ్గరకు తెచ్చుకుంది, అవ్వకు అందించింది. అవ్వా అలాగే చూసింది, వాసన పట్టింది. నేను తల ఎత్తి చూశాను. అంత తెల్లటి దాని మీద దాచడానికి ఏమీ లేదు. ముద్దలున్నాయి. నా కళ్లతో నేనే చూశాక ఇక సగం చెప్పేదేముంది?

"మాయ ముక్క లోపల ఉండిపోయినట్టుంది. దవాఖానకు పోవాలె, ఇప్పుడే" అంది నర్సమ్మ.

నేను రానన్నాను. బేరమాడలేదు, బతిమాలాను. పక్క మంచం సంగతి మొదటిసారి నోరు తెరిచి చెప్పాను. చలి, పళ్ల చప్పుడు, ఖాళీ చోటు, అన్నీ. నర్సమ్మ ఆగి విన్నది. ఆ పక్క మంచం ఆమె గురించి నాకు ధైర్యం చెప్పే అబద్ధమేదీ ఆడలేదు. ఆమెకు ఏమైందో తనకు తెలియదంది. నా దగ్గరే ఉంటానంది. డాక్టర్లు చెయ్యి తియ్యి అనేదాకా నీ పొట్ట మీద చెయ్యి తియ్యను అంది.

బందు మనుషులే ఆటో పిలిచారు. రుమాలు తీసిన పెద్దమనిషి డ్రైవరు పక్కన సగం వేలాడుతూ కూర్చుని, ప్రతి మలుపులో బాలింత, బాలింత అని అరుస్తూ అడ్డం పెట్టిన రాళ్లు పక్కకు తీయించాడు. నర్సమ్మ చేయి నా పొట్ట మీద, నడుం కట్టు లేని పొట్ట మీద, అలాగే ఉంది. ఇప్పుడు చూస్తే అదే ఆఖరి చూపు అవుతుందేమోనని నేను పిల్ల మొహం చూడలేదు. అమ్మ దాన్ని అవతలి పక్కకు తిప్పుకుని కూర్చుంది.

ఆసుపత్రిలో యంత్రంతో చూసి నర్సమ్మ అన్నదే అన్నారు. మత్తు ఇచ్చి శుభ్రం చేశారు. మెలకువ వచ్చేసరికి మా ఆయన గని బట్టల్లోనే ఉన్నాడు, కనురెప్పల చుట్టూ బొగ్గు, కాటుక పెట్టినట్టు. నేను అన్న మొదటి మాట, స్నానం చేసి రారాదు అని. ఆయన ఏడుస్తూ నవ్వాడు, కాటుక కిందికి జారింది. చలి మళ్లీ వస్తుందేమోనని మూడు దుప్పట్లు కప్పించుకుని పడుకున్నాను. అది ఇక రాదని నమ్మకం కుదిరే దాకా వాటిని తీయనివ్వలేదు.

ఇంటికి వచ్చాక కుంపటి వరండాలోకి పోయింది. అవ్వా నర్సమ్మా ఇద్దరూ వచ్చేవారు, ఒకరు పొద్దున, ఒకరు పొద్దు వాలాక. నర్సమ్మ నా వేళ్లు పట్టి బొడ్డు కింద పెట్టించి, లోపలి బంతి ఎక్కడుందో నాతోనే వెతికించేది. గట్టిగా తగలాలి, రోజురోజుకూ కిందికి దిగాలి. గుడ్డ తెల్లదే వాడాను. ఎరుపు గులాబీ అయింది, గులాబీ పసుపు అయింది, పసుపు నీరైంది. ఆమె అడిగే ప్రతిదానికీ ఉన్నది ఉన్నట్టు చెప్పేదాన్ని. కొన్నిసార్లు ఉన్నదానికంటే ఎక్కువే చెప్పేదాన్ని, ఇంకాసేపు కూర్చుంటుందని.

ఒకరోజు అన్నీ చూసి, కనురెప్ప చూసి, పిక్కలు నొక్కి, గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించి, "ఇగ నేను రాను చెల్లె. బాగైనవ్" అంది.

"రేపొక్క రోజు రారాదక్కా" అన్నాను.

"ఎందుకు?"

"ఊకెనే. ఛాయ్ తాగి పో."

"ఛాయ్ ఇప్పుడే పెట్టు, తాగి పోత."

ఎల్లుండైనా సరే అన్నాను. ఆదివారమన్నాను. దారిలో పోతూ కింద నుంచి ఒక్క కేక వేసినా చాలన్నాను. అంతకంటే తగ్గలేను. ఆమె దేనికీ ఒప్పుకోలేదు. ఛాయ్ తాగింది, పిల్ల బుగ్గ గిల్లింది, సంచీ భుజానికి వేసుకుని మెట్లు దిగిపోయింది. చెప్పుల చప్పుడు బజారు చప్పుడులో కలిసే దాకా విన్నాను. అప్పుడు మంచం మీద వెల్లకిలా పడుకుని, ఆమె నేర్పినట్టే వేళ్లు బొడ్డు కింద పెట్టి ఒత్తాను. బంతి తగల్లేదు. ఇంకా కిందికి, ఎముక దాకా వెతికాను. ఎక్కడా లేదు. లేకపోవడమే మంచిదని ఆమె చెప్పే ఉంది. అయినా భయం వేసింది. చేయి తీయకుండా, పిల్ల లేచే దాకా అలాగే వెతుకుతూ ఉన్నాను.